అప్‌డేట్ ఏది బావా?

పర్లాకిమిడిలో తెలుగువాళ్ళం చాలామందికి ఇల్లు ఒడిశాలో, బజారు ఆంధ్రాలో. పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. ఇస్తామన్న ఫోన్ అప్‌డేట్లు రాలేదని ఓ బావా బామ్మర్దీ వాదించుకున్న ముచ్చట ఇది. బావకి పాతపట్నంలో సెల్‌ఫోన్ల కొట్టుంది. బామ్మర్దికి పర్లాకిమిడిలో జనానికి డబ్బులు వేసిపెట్టే, తీసిపెట్టే చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. 2023 దసరా ఆఫర్లో ఇతను బావ దగ్గరే పన్నెండు వేల ఫోన్ కొన్నాడు. రెండు ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, మూడేళ్ళు సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాల్ని పూడ్చే చిన్న అప్‌డేట్లు) ఇస్తామని కంపెనీ ప్రకటన. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. మాటలు నేను కొంచెం సర్దాను, తిట్లు తీసేశాను.

బామ్మర్ది: నువ్వు ఫోన్ చేతిలో పెట్టినప్పుడు అందులో ఉన్నది ఆండ్రాయిడ్ 13. ఆ నెలలోనే గూగుల్ 14 వదిలింది, "నీకూ రెండు మూడు నెలల్లో వచ్చేస్తుంది" అన్నావు. 2024లో 15 వచ్చింది, 2025 జూన్‌లో 16 కూడా వచ్చింది. నాది ఇప్పటికీ 13 దగ్గరే కూర్చుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నొక్కితే మీ సిస్టమ్ అప్‌డేట్ అయి ఉంది అంటుంది. ఇంత ధైర్యంగా అబద్ధమాడే వస్తువుని మా ఇంట్లో ఇంతకుముందు చూడలేదు.

బావ: అబద్ధం కాదు బామ్మర్దీ. కంపెనీ నీ ఫోన్‌కి ఎంతవరకు పంపిందో అంతా ఎక్కింది అని దాని అర్థం. అయినా నీకేం తక్కువైంది? ఫోన్ మోగుతోంది, వాట్సాప్ వస్తోంది, అక్క రీల్స్ పంపితే ఆడుతున్నాయి. నా కొట్టుకి వచ్చేవాళ్ళు కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత, టెంపర్డ్ గ్లాస్ ఫ్రీయేనా అని అడుగుతారు. పదమూడా పదిహేనా అని అడిగిన మనిషిని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

బామ్మర్ది: ఆ వేళ్ళలో ఒకటి నాది. అడిగాను, నువ్వు జవాబు చెప్పావు, ఆ జవాబు విని కొన్నాను. పక్కనే ఇంకో ఫోన్ వెయ్యి రూపాయలు తక్కువకి ఉంది, దానికి ఒక్క అప్‌డేటే వస్తుందని నువ్వే పక్కన పెట్టించావు. మరి ఆ వెయ్యి దేనికి ఇచ్చాను నేను?

బావ: కంపెనీ ప్రమోటర్ కుర్రాడు ఏం చెబితే అదే నేనూ చెప్పాను. ఆ ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఏముందో చూశావా? ప్రాంతాన్ని బట్టి, మోడల్‌ని బట్టి మారవచ్చు, ముందుగా చెప్పకుండా మార్చే హక్కు మాది అని ఉంటుంది.

బామ్మర్ది: పెద్ద అక్షరాల్లో ఇచ్చింది చిన్న అక్షరాల్లో లాక్కుంటారన్నమాట.

(ఇక్కడ బావ టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటే మాట నచ్చలేదని అర్థం.)

బావ: సరే, కంపెనీని వెనకేసుకు రావడం లేదు, పని ఎలా జరుగుతుందో చెబుతాను విను. గూగుల్ కొత్త ఆండ్రాయిడ్ వదిలినంత మాత్రాన అది నీ ఫోన్‌లోకి దూకదు. నీ ఫోన్‌లో ఉన్న చిప్ ఎవరిదో వాళ్ళు దానికి తగ్గట్టు తమ కోడ్ ఇవ్వాలి. అది తీసుకుని ఫోన్ కంపెనీ తన హంగులన్నీ కలపాలి, కెమెరా, ఫింగర్‌ప్రింట్, నెట్‌వర్క్ అన్నీ మళ్ళీ పరీక్షించాలి. మధ్యలో చిప్ కంపెనీ చేతులెత్తేస్తే ఫోన్ కంపెనీ చేసేదేమీ ఉండదు. 2016లో ఆండ్రాయిడ్ 7 వచ్చినప్పుడు స్నాప్‌డ్రాగన్ 800, 801 చిప్‌లకి వాటిని తయారుచేసిన క్వాల్‌కామ్ సపోర్ట్ ఇవ్వలేదు. అప్పటికి రెండు మూడేళ్ళ కింద ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో ఉన్నవి అవే. పెద్ద ఫోన్లకే దిక్కు లేకపోయింది, నీ పన్నెండు వేల ఫోన్ ఎంత?

బామ్మర్ది: ఆ కథ అయిపోయి చాలా ఏళ్ళయింది. ఆ తలనొప్పి తగ్గించడానికే కదా గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ 8తో పాటు ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చింది. చిప్‌కి సంబంధించిన భాగం వేరు, ఆండ్రాయిడ్ వేరు అని మధ్యలో గోడ కట్టింది, కింది భాగం జోలికి పోకుండా పైది మార్చుకోవచ్చని. నా ఫోన్ దాని తర్వాత ఎన్నేళ్ళకి పుట్టింది? పైగా మాట ఇచ్చే రోజున ఆ చిప్ ఎవరిదో, ఎన్నాళ్ళు సపోర్ట్ ఉంటుందో కంపెనీకి తెలియదా? తెలిసే అన్నారు. తెలియకుండా అన్నారంటే అది ఇంకా అన్యాయం.

బావ: గోడ కట్టినా ఖర్చు పోలేదు. ఏడాదికి ఒక్కో కంపెనీ ఎన్ని మోడల్స్ దింపుతుందో చూస్తున్నావు కదా, నాకే పేర్లు గుర్తుండవు, అయిదూ అయిదు ప్రో అయిదు ప్రో ప్లస్. ప్రతిదానికీ మనుషుల్ని కూర్చోబెట్టి రెండేళ్ళు, మూడేళ్ళు పని చేయించాలంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? నీ ఫోన్ మీద నాకు మిగిలింది చెబితే నువ్వే నాకు టీ ఇప్పిస్తావు. నువ్వు బేరమాడి కవర్ కూడా ఊరికే పట్టుకెళ్ళావు.

బామ్మర్ది: కవర్ సంగతి తర్వాత. డబ్బులు రావంటావు, మరి శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరు ఆండ్రాయిడ్ అప్‌డేట్లు ఇస్తామని ఎలా చెప్పింది? ఇరవై వేల లోపు ఫోనే కదా అది. గూగుల్ పిక్సెల్ 8కి 2023లో, గెలాక్సీ ఎస్24కి 2024లో ఏడేసి ఏళ్ళు అన్నారు, అవి ఖరీదైన ఫోన్లు, వాటి మాట వదిలేయ్. తక్కువ ధరలో కూడా కుదురుతుందని ఒకడు చూపించాక కుదరదనే మాట చెల్లదు.

బావ: చూపించాడా, చెప్పాడా? పిక్సెల్ 8 ఏడేళ్ళు అంటే 2030. ఏ16 ఆరో అప్‌డేట్ కూడా అటూ ఇటూగా అప్పుడే. ఇంకా రాని అప్‌డేట్లని నాకు ఉదాహరణగా చూపిస్తున్నావు నువ్వు! ఇలాంటి మాటలు నేను కొట్టు పెట్టినప్పటి నుంచీ వింటున్నాను. 2011లో గూగుల్ పెద్ద పెద్ద కంపెనీలని, అమెరికా నెట్‌వర్క్‌లని ఒక చోట చేర్చి, కొత్త ఫోన్లకి పద్దెనిమిది నెలలు అప్‌డేట్లు ఇస్తాం అని సభ పెట్టి చెప్పింది. తర్వాత దాని ఊసే లేదు. 2014లో మన దేశంలోనే ఆండ్రాయిడ్ వన్ అని మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ ఫోన్లు ఆరు వేల చిల్లరకి దించారు, అప్‌డేట్లు నేరుగా గూగుల్ నుంచే అన్నారు. ఆ ఫోన్లేవి, ఆ కంపెనీలేవి? అందుకే అంటాను, ఫోన్ కొన్న రోజున చేతిలో ఏముందో అదే నీది. తర్వాత వచ్చేది దక్షిణ కింద లెక్క.

బామ్మర్ది: నేను కొన్న రోజున నువ్వు ఇది చెప్పి ఉంటే ఎంత బాగుండేది బావా.

(నిజానికి అక్కడితో వాదన అయిపోవాలి. బావ ఒప్పుకోడు కదా.)

బావ: అప్‌డేట్ వస్తే అంతా సంబరమే అనుకోకు. అప్‌డేట్ చేసిన మర్నాడు తెర మీద పచ్చ గీత పడిందని నా కొట్టుకి ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఉన్నారు. డిస్ప్లే మార్చాలంటే ఫోన్ ఖరీదులో సగం. 2018లో ఇటలీలో ఏం జరిగింది? అప్‌డేట్లు ఎక్కించి పాత ఫోన్లని నెమ్మది చేశారని ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి యాభై లక్షల యూరోలు ఫైన్ వేశారు. ఇవ్వకపోతే ఒక గొడవ, ఇస్తే ఇంకో గొడవ. నీది హాయిగా నడుస్తోంది, దాన్ని కదపకు.

బామ్మర్ది: కొత్త రంగులు, కొత్త ఐకాన్లు నాకూ అక్కర్లేదు. నా టెన్షన్ ప్యాచ్ గురించి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఏడాది దాటి వెనకబడిపోయింది. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అని ఒక లోపం బయటపడింది, ఒక వీడియో మెసేజ్ పంపితే చాలు, అవతలివాడు ఫోన్‌లోకి దూరగలడని. అది చూసి బెంబేలెత్తే గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ నెలనెలా వచ్చే దాంట్లో ఏ లోపం ఎక్కడుందో బహిరంగంగా రాస్తారు. అంటే నా ఫోన్‌కి ఏ తలుపులు తెరిచి ఉన్నాయో దొంగకి తెలుసు, మూసే తాళం మాత్రం నాకు రాలేదు. నేను ఈ ఫోన్‌తో రోజంతా ఎవరెవరి డబ్బులో పంపుతుంటాను, పింఛన్ ముసలమ్మలవి, కూలికి కేరళ వెళ్ళిన కుర్రాళ్ళు ఇంటికి వేసేవి. రేపు ఏదైనా జరిగితే వాళ్ళు కంపెనీ దగ్గరికి పోరు, నా కాలర్ పట్టుకుంటారు.

బావ: ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని భాగాలు ప్లే స్టోర్ దారిలోనే అప్‌డేట్ అవుతున్నాయి, కంపెనీతో పని లేకుండా. గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ అని ఉంటుంది చూడు.

బామ్మర్ది: చూశాను. వస్తున్నాయి, కాదనను. కానీ కింది చిప్‌లో, కెర్నెల్‌లో, అంటే ఆండ్రాయిడ్ అడుగు భాగంలో ఉన్న లోపాలు ఆ దారిలో పూడవు. వాటికి కంపెనీ కదలాల్సిందే.

బావ: కంపెనీతో పని లేని ఉచిత ఆండ్రాయిడ్ ఉంది, లినేజ్ ఓఎస్ అని. మా కుర్రాడు వేసి ఇస్తాడు, కావాలా?

బామ్మర్ది: దానికి బూట్‌లోడర్ అని ఫోన్‌కి కంపెనీ వేసిన తాళం విప్పాలి, విప్పితే బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. నా పనే బ్యాంకు యాప్‌ల మీద.

బావ: సర్వీస్ సెంటర్‌కి వెళ్ళావా?

బామ్మర్ది: బరంపురం వెళ్ళాను. ఒక పూట పోయింది, సెంటర్ మూసుకున్నాను. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, అప్‌డేట్ దశలవారీగా వస్తుంది సార్, అది సాఫ్ట్‌వేర్ టీమ్ చూస్తుంది సార్ అని. ఆ టీమ్ ఎక్కడుంది అంటే తనకీ తెలియదు. పాపం తనేం చేస్తుంది. శ్రీకాకుళం వెళ్ళినా ఇదే మాట తెలుగులో చెబుతారు, ఇక్కడ ఒడియాలో చెప్పారు, అంతే.

బావ: అయితే ఏం చేస్తావు? కోర్టుకెళ్తావా? హాలండ్‌లో వినియోగదారుల సంఘం శాంసంగ్ మీద 2016లో వేసిన కేసు రెండేళ్ళకి కొట్టేశారు, తెలుసా? అంత పెద్ద సంఘానికే కాలేదు.

బామ్మర్ది: తెలుసు. వాళ్ళు అడిగింది వేరు. ఇకముందు రాబోయే రోజుల్లో ఇన్నేళ్ళు అప్‌డేట్లు ఇవ్వమని ఆదేశించండి అని అడిగారు, ముందు ముందు జరగబోయేదాని గురించి అంటూ కోర్టు ఒప్పుకోలేదు. నేను అలా అడగట్లేదు. రెండు ఇస్తానని ప్రకటన వేసి, డబ్బు తీసుకుని, ఒక్కటీ ఇవ్వలేదు అంటున్నాను. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ కొన్న రోజే తీసి పెట్టుకున్నాను. మన 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటన అని దీనికి చోటుంది. అయిదు లక్షల లోపు వస్తువుకి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, కంపెనీ "మీ సహనానికి ధన్యవాదాలు" అని జవాబిచ్చింది. ఇక జిల్లా వినియోగదారుల కమిషనే.

బావ: ఏ జిల్లా? ఫోన్ కొన్నది ఆంధ్రాలో, నువ్వు ఉండేది ఒడిశాలో. కంపెనీ ఎక్కడో ఢిల్లీ వైపు. తిరిగి తిరిగి చెప్పులు అరుగుతాయి.

బామ్మర్ది: పాత చట్టంలో ఆ ఇబ్బంది ఉండేది, అవతలివాడు ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో మనమే పోవాలి. కొత్త చట్టంలో నేను ఉన్న జిల్లాలోనే వేసుకోవచ్చు. గజపతి జిల్లాలోనే వేస్తాను. ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు కూడా.

బావ: రెండేళ్ళ గడువు ఉంటుంది కదా. నువ్వు కొన్నది 2023లో.

బామ్మర్ది: గడువు లెక్క కొన్న రోజు నుంచి కాదు, మాట తప్పిన రోజు నుంచి. మూడేళ్ళు ప్యాచ్‌లు అన్నారు, అవి మధ్యలో ఆగిన నెల నుంచి లెక్కేస్తే గడువు దాటలేదు. దాటిందని వాళ్ళు వాదిస్తే ఆలస్యానికి కారణం రాసి క్షమించమని అడగొచ్చు. ఇదిగో దశలవారీగా వస్తుంది అని వాళ్ళు పెట్టిన మెయిల్సే కారణం.

బావ: గెలిస్తే ఏమొస్తుంది నీకు? మహా అయితే అయిదు వేలు.

బామ్మర్ది: యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూల్ మారింది, ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా అయిదేళ్ళు అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ముందే చెప్పి అమ్మాలి. అక్కడ అలా అమ్ముతున్న కంపెనీలే ఇక్కడ మనకి ప్రాంతాన్ని బట్టి మారవచ్చు అంటున్నాయి. అయిదు వేలు వచ్చినా రాకపోయినా ఆ చిన్న అక్షరాల గురించి ఒక కాగితం మీద జవాబు రాయించాలి వాళ్ళతో.

బావ: సరే, వేసుకో. కాకపోతే కంపెనీ మీదే వెయ్యి, నా కొట్టు పేరు రాయకు.

బామ్మర్ది: బిల్లు నీ కొట్టు పేరు మీదుంది, రాయక తప్పదు. పోనీ ఒక పని చెయ్యి, ఇకనుంచి నువ్వు అమ్మే ప్రతి ఫోన్ బిల్లు మీద అప్‌డేట్లు ఏ నెల దాకా వస్తాయో పెన్నుతో రాసివ్వు. అప్పుడు నీ పేరు తీసేసే దారి లాయర్ని అడుగుతాను.

బావ: నేను రాసివ్వడమా? రేపు కంపెనీ ఇవ్వకపోతే నా మీద పడతారు కదరా జనం!

బామ్మర్ది: నోటితో మాత్రం చెప్పొచ్చా?

బావ: నోటితో అందరూ చెబుతారు. అటు పక్క కొట్టువాడు నాలుగు అప్‌డేట్లు అని చెబుతుంటే నేను ఏమో, తెలియదు అంటే ఫోన్ ఎవరు కొంటాడు? అయినా ఈ కేసు ఎప్పుడు తేలుతుందో ఏమో, ఈలోగా నువ్వు వేరే ఫోన్ తీసుకో, సెంటర్ పని ఆపుకోకు. కొత్తగా ఒకటి వచ్చింది, ఎక్స్చేంజ్‌లో నీది పెడితే రెండు వేలు తగ్గిస్తాను.

బామ్మర్ది: దానికి ఎన్ని అప్‌డేట్లు?

బావ: ప్రమోటర్ కుర్రాడు భోజనానికి వెళ్ళాడు, రానీ.