మోకోక్‌చుంగ్ వైద్యుడు నడిపిన రాయబారం

1963 డిసెంబరు 1న కోహిమాలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ నాగాలాండ్ రాష్ట్రాన్ని ప్రారంభించారు. ఆ రాష్ట్రం కోసం ఢిల్లీతో సంప్రదింపులు నడిపిన డాక్టర్ ఇమ్‌కాంగ్లిబా ఆవో అప్పటికి లేరు. 1961 ఆగస్టు 22న మోకోక్‌చుంగ్‌లో సాయుధులు ఆయనపై కాల్పులు జరపగా, రెండు రోజులకు కన్నుమూశారు. ఆ పట్టణంలోనే రోగులకు మందులిచ్చిన వైద్యుడాయన. అక్కడి జిల్లా ఆసుపత్రికి నేడు ఆయన పేరే ఉంది.

ఆయన రాజకీయాల్లోకి వచ్చిన కాలం అత్యంత క్రూరమైనది. స్వతంత్ర నాగా దేశం కోరిన, ఫిజో నాయకత్వంలోని నాగా జాతీయ మండలి 1952 ఎన్నికలను బహిష్కరించింది. ఒకవైపు సైన్యం గ్రామాలను తగలబెడుతుంటే, మరోవైపు చర్చలన్న సొంత మనుషులను సాయుధులు హతమార్చేవారు. ఈ రెంటి మధ్య నలిగిన తెగల పెద్దలు 1957 ఆగస్టులో కోహిమాలో నాగా ప్రజా సదస్సుగా సమావేశమై, ఇమ్‌కాంగ్లిబాను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఈ సదస్సు కేంద్ర నిఘా వర్గాల ప్రోద్బలంతో పుట్టిందన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయితే ఒక నాయకుణ్ణి ఆయన సాధించినదాన్ని బట్టి తూచాలని మేము భావిస్తున్నాం.

1960 జులైలో ఆయన ప్రతినిధి బృందం ప్రధాని నెహ్రూతో కుదుర్చుకున్న 16 అంశాల ఒడంబడికే 1962లో 13వ రాజ్యాంగ సవరణకు, 371-ఎ అధికరణానికి మూలం. ఉద్యోగాల్లో, విద్యాసంస్థల్లో స్థానికత వివాదం వచ్చినప్పుడల్లా తెలుగు పాఠకులు వినే 371-డి అధికరణం అదే వరుసలో 1973లో చేరింది. అయితే 371-ఎ దానికంటే చాలా లోతుగా వెళ్తుంది: నాగాల మత, సామాజిక ఆచారాలు, సంప్రదాయ న్యాయం, భూమి, దాని వనరుల యాజమాన్యం, బదలాయింపు విషయాల్లో పార్లమెంటు చేసే ఏ చట్టమైనా నాగాలాండ్ శాసనసభ తీర్మానించనిదే అక్కడ వర్తించదు. కొండ భూమి తెగదేనని తుపాకీ పట్టినవారు కోరింది కూడా ఇదే కదా! ఆ కోరికలో రాజ్యాంగం పరిధిలో ఇమిడేంతవరకు కాగితంపై రాయించి, సంతకాలు చేయించినందుకే ఆయనపై ద్రోహి ముద్ర వేయడం అన్యాయం.

ఆ ఒడంబడికలో ఆయన సాధించలేకపోయిన అంశమూ ఉంది. పొరుగు ప్రాంతాల్లోని నాగాలు కొత్త రాష్ట్రంలో చేరే వీలుండాలని బృందం కోరగా, సరిహద్దుల మార్పునకు రాజ్యాంగంలో మార్గం ఉందన్న కేంద్రం హామీ మాత్రం ఇవ్వలేదు. మణిపుర్ నాగా కొండల ప్రశ్న నేటికీ రగులుతున్నదంటే, దాని వెనుక ఆనాడు దాటవేసిన ఈ అంశం ఉంది. 2015 ఆగస్టు 3న కేంద్రం, నాగా సాయుధ సంస్థ ఎన్ఎస్‌సీఎన్ ఐజాక్-ముయివా వర్గం ముసాయిదా ఒప్పందం చేసుకున్నాయి. పదేళ్లు గడిచినా అది తుది ఒప్పందం కాలేదు. 2021 డిసెంబరులో నాగాలాండ్‌లోని ఓటింగ్ అనే ఊరి ప్రజలు సైనికుల కాల్పుల్లో బలైనప్పుడు, 1958 నాటి సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టాన్ని రద్దు చేయాలని నాగాలాండ్ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని కేంద్రం గౌరవించాలి. ముసాయిదాపై తన తుది వైఖరిని నాగాలతో పాటు మణిపుర్, అస్సాం, అరుణాచల్ ప్రజలకూ బహిరంగంగా చెప్పాలి.