కృతజ్ఞతలు వసూలు చేయబడును

డిసెంబరులో బెంగళూరుకు చలి ఒక్కటే రాదు. దాని వెంట కృతజ్ఞత కూడా వస్తుంది. ఉన్నదానికి సంతోషించండి, రోజూ ఎవరో ఒకరికి ధన్యవాదాలు చెప్పండి, రక్తపోటు దగ్గర నుంచి కాపురం దాకా అన్నీ చక్కబడతాయి అని ఆఫీసు వారు ఈమెయిళ్లు పంపుతారు. అక్కడితో ఆగితే చదవకుండా తుడిచేసి ఊరుకునేవాళ్లం. ఈ ఏడాది అది ఇంటిదాకా వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీది మా అపార్టుమెంటు లాబీలో, లిఫ్టు పక్కన, అసోసియేషన్ వారు ‘కృతజ్ఞతా గోడ’ను ప్రారంభించారు. రిబ్బను కత్తిరించే ప్రారంభం.

గోడ పక్కన బల్ల, బల్ల మీద రంగురంగుల చీటీలు, దారంతో కట్టేసిన పెన్ను. కృతజ్ఞతతో పొంగిపోయే జనాన్ని పెన్నుల విషయంలో ఎంతవరకు నమ్మవచ్చో అసోసియేషన్‌కు బాగా తెలుసు.

మొదటి వారం గోడ కళకళలాడింది. పద్దెనిమిదో అంతస్తు సూర్యోదయానికి ఒకరు, వేళకు వచ్చే నీళ్ల ట్యాంకరుకు ఒకరు కృతజ్ఞతలు చెప్పారు. ‘నా సహనానికి నాకే ధన్యవాదాలు’ అని రాసుకున్న పెద్దమనిషి కింద ఫ్లాటు నంబరు కూడా వేశాడు. వచ్చిన చిక్కల్లా గోడది. నున్నటి గ్రానైటు మీద చీటీ జిగురు నిలవదు. రాత్రి అంటించిన కృతజ్ఞత తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. ఆరింటికల్లా వచ్చే హౌస్‌కీపింగ్ ఆవిడ దాన్ని చీపురుతో పోగుచేసి చేటలోకి ఎత్తుతుంది. అది పొడి చెత్తా, లేక మళ్లీ అంటించాలా అని అసోసియేషన్ గ్రూపులో రెండు రోజులు చర్చ నడిచింది. పొడి చెత్తేనని తేలింది.

దీని వెనుక శాస్త్రం ఉందని కార్యదర్శి అంటాడు. ఉంది, కాదనను. 2003లో ఎమన్స్, మెకల్లో అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత పది వారాల పాటు వారానికోసారి రాయించారు. కొందరు తాము కృతజ్ఞులై ఉన్న విషయాలను ఐదింటి వరకు రాశారు, వాళ్ల మనసు కాస్త తేలికపడింది. అయితే అదే ప్రయోగంలో ఇంకో జట్టు కూడా ఉంది. వాళ్ల పని ఆ వారంలో తమకు ఎదురైన చికాకులను రాయడం. కార్యదర్శి చదివిన శాస్త్రంలో ఆ పేజీ చిరిగిపోయి ఉండాలి. ఆ రెండో గోడ కూడా పెట్టి ఉంటే గ్రానైటు కనిపించేది కాదు. అమెరికా వారి సంగతే వస్తే, 1863లో అంతర్యుద్ధం నడుమ అధ్యక్షుడు లింకన్ పిలుపునిచ్చిన థాంక్స్‌గివింగ్ అనే కృతజ్ఞతల పండుగను 1941లో చట్టం చేసి నవంబరు నాలుగో గురువారానికి కట్టేశారు, ఆ రోజు సెలవు ఇచ్చుకుంటారు. మనం సెలవును అక్కడే వదిలేసి చీటీలు మాత్రం దిగుమతి చేసుకున్నాం.

ఇక ఆదివారం క్లబ్‌హౌస్‌లో జరిగిన కృతజ్ఞతా సభ. గుండ్రంగా కుర్చీలు, మధ్యలో కొవ్వొత్తి, చేతులు మారే మైకు. దేవనహళ్లి వైపు కొన్న స్థలం ధర పెరిగినందుకు ఒకాయన విశ్వానికి నమస్కరించాడు. ఇంకొకాయన ఫోను చూసుకుంటూనే భార్యకు కృతజ్ఞతలు చెప్పాడు. పక్కనే ఉన్న ఆవిడ “దేనికండీ?” అంది. “అన్నిటికీ” అన్నాడు, తల ఎత్తకుండా. చప్పట్లు. అప్పుడు కార్యదర్శి గొంతు తడిచేసుకుని, “మన కుటుంబ సభ్యులను కూడా పిలుద్దాం” అని సిబ్బందిని లోపలికి రమ్మన్నాడు. పొద్దున ఆ కుర్చీలు మోసి వేసింది వాళ్లే. కుర్చీలు నిండిపోయాయి కాబట్టి కుటుంబ సభ్యులు గోడ వెంట నిలబడ్డారు.

మైకు ముందుగా రాత్రి కాపలా కుర్రాడి చేతికి వచ్చింది. ఒడిశా నుంచి వచ్చాడు, పన్నెండు గంటల డ్యూటీ. ఈ ఏడాది దేనికి కృతజ్ఞుడివి అని అడిగితే చాలాసేపు ఆలోచించి, “కుర్చీకి సార్” అన్నాడు. నెల కిందట గేటు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు, దానికి. సభ కరిగిపోయింది. ఎంత చిన్న కోరిక, ఎంత పెద్ద మనసు అంటూ ఫోటోలు తీశారు. సోమవారం సాయంత్రం అదే గ్రూపులో ఒక నివాసి ఫిర్యాదు పెట్టాడు: ‘గేటు దగ్గర సెక్యూరిటీ వారు కూర్చుని కనిపిస్తున్నారు. చదరపు అడుగుకు ఇంతింత కట్టేది ఇందుకేనా?’ పదకొండు బొటనవేళ్లు లేచాయి. చీకటి పడేసరికి కుర్చీ జనరేటర్ గదిలోకి పోయింది.

కేరళ 2018లో, తమిళనాడు 2021లో, దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు ఉండి తీరాలని చట్టంలో రాసుకున్నాయి. మనిషి కాళ్లు నొప్పి పుడతాయన్న సంగతి చట్టంలో రాస్తే తప్ప తెలియని సమాజం మనది. ఆ సమాజానికి ఆదివారం ఆదివారం కొవ్వొత్తి వెలిగించి కళ్లు చెమర్చుకునే తీరిక కూడా ఉంది.

మైకు ఆ తర్వాత చీపురు ఆవిడకు ఇచ్చారు. కదిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. “నాకేం తెలుసు సార్, మీరే ఏదో ఒకటి రాసుకోండి” అంది. కార్యదర్శి మొహమాటపడలేదు. ‘ఇంత మంచి కుటుంబానికి సేవ చేసే భాగ్యం కలిగినందుకు’ అని తానే చీటీ రాసి, కింద ఆవిడ పేరు పెట్టి, గ్రానైటుకు టేపు వేసి మరీ అంటించాడు. గోడ మీద ఈ రోజుకీ ఊడిపోని చీటీ అదొక్కటే.

ఆ సభ జరిగేనాటికి ఆవిడకు దసరా బోనస్ రాలేదు. దీపావళి కూడా దాటిపోయింది. బోనస్‌కు 1965లోనే చట్టం చేశారు. ఇప్పటి నియమం ప్రకారం ఇరవై మందికి తగ్గకుండా పనిచేసేచోట, జీతం నిర్ణీత పరిమితి దాటనివారికి, ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలి. అంటే ఒక నెల జీతం. ఎవరి దయా కాదు, బాకీ. అడిగితే అసోసియేషన్, సిబ్బందిని పంపిన ఏజెన్సీ వైపు చూపిస్తుంది, ఏజెన్సీ అసోసియేషన్ వైపు చూపిస్తుంది. మధ్యలో నిలబడి ఆవిడ మన మనశ్శాంతి కోసం మైకులో కృతజ్ఞతలు చెప్పాలి. ఇవ్వాల్సింది ఎగ్గొట్టినవాడు ఎదురుగా కూర్చుని, నీకు దేనికి కృతజ్ఞత అని అడగడానికి సిగ్గుండాలి! పెన్నుకు కట్టిన దారం చాలదు, ఈ పెద్దమనుషుల నోటికి కూడా ఒకటి కావాలి.

ఆవిడ ఊళ్లో పశువుల పండుగ నాడు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు వేసి, పొంగలి తినిపిస్తారు. ఆ రోజు దాని మెడ మీద కాడి పెట్టరు. కృతజ్ఞత గురించి దానికెవరూ మైకు ఇవ్వరు. పనిచేయించుకున్నవాడే తీర్చుకుంటాడు. కనుమ నాడు కాకి కూడా కదలదని మన పెద్దలు అన్నారు కదా, జనవరి సంగతి ఏమిటో చూద్దామని నోటీసు బోర్డు దగ్గరకు వెళ్లాను. సంక్రాంతి సంబరాల సర్క్యులర్ అప్పుడే వచ్చేసింది. భోగి నాడు పిల్లల కార్యక్రమాలు, పండుగ నాడు ముగ్గుల పోటీ, కనుమ నాడు సామూహిక భోజనాలు. రద్దీ దృష్ట్యా ఆ మూడు రోజులూ హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ సిబ్బందికి సెలవులు లేవు, రానివారికి రోజుకు రెండు రోజుల జీతం కోత. కింద కార్యదర్శి సంతకం, సంతకం పైన ‘మీ సహకారానికి కృతజ్ఞతలు’.