మా బాబాయి పంపిన మెసేజ్‌కి ఒక్కో మాటకీ జవాబు

మా శ్రీకాకుళం బంధువుల గ్రూపులో ఒకే మెసేజ్ వారంలో మూడుసార్లు వచ్చింది. "సినిమాల్లో, ఓటీటీల్లో గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ పాత్రలు పెట్టి పిల్లల్ని చెడగొడుతున్నారు, ఇది మన సంస్కృతి కాదు, విదేశాల నుంచి తెచ్చి రుద్దుతున్నారు, ఇప్పుడు ఏ సినిమా చూసినా ఇదే గోల, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా లేవు" అని. మొదట పంపింది మా బాబాయి. ఆయనంటే నాకు గౌరవం, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మన సంస్కృతి కాదా? బాబాయ్, నర్తనశాల టీవీలో వస్తే మీరు అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటారు. 1963లో ఎన్టీఆర్ అంతటి హీరో బృహన్నలగా ఉత్తరకి నాట్యం నేర్పితే చూసినవాళ్ళెవరూ చెడిపోలేదు, ఆయన గొప్పతనమూ తగ్గలేదు. అది శాపం వల్ల వచ్చిన రూపం, ఈనాటి ట్రాన్స్ మనుషుల బతుకు అది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆడ, మగ కాక ఇంకొకరు కూడా ఉంటారని మన కథలకి ఎప్పటి నుంచో తెలుసు. నిజంగా విదేశాల నుంచి వచ్చింది స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన 377 సెక్షన్, 1860లో బ్రిటిష్ వాళ్ళు రాసిన శిక్షాస్మృతిలోది. ఇష్టపడి కలిసి ఉండే పెద్దవాళ్ళకి అది వర్తించదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది.

ఇక "పిల్లలు చెడిపోతున్నారు" అన్న మాట. దీని దగ్గరే నాకు కడుపు మండుతుంది. ఇలాంటి పాత్రలు ఇప్పుడే వచ్చినట్టు మాట్లాడతారేంటి? మన తెలుగు సినిమాల్లో నడుము తిప్పుతూ, గొంతు సాగదీస్తూ హీరో చేత చెంపదెబ్బలు తినే కామెడీ పాత్రలు మన చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. "తేడా", "పాయింట్ ఫైవ్" అన్న మాటలు నేను నేర్చుకున్నది ఆ సినిమాల నుంచే. మా హైస్కూల్లో ఒకడుండేవాడు, నడక కొంచెం మెత్తగా ఉండేది. ఏదైనా సినిమా రాగానే అందులో అలాంటి పాత్ర పేరే వాడికి పెట్టేవాళ్ళం, హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీల నుంచి ఆ డైలాగ్ వినపడేది, మాష్టారు కూడా నవ్వేవారు. పదో తరగతికి వచ్చేసరికి వాడు కుడి చెయ్యి జేబులోంచి తీసేవాడు కాదు. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగుతుందని మేం వెక్కిరించేవాళ్ళం, అందుకు. చెయ్యి జేబులో పెట్టుకునే సైకిల్ తోసుకుంటూ వెళ్ళేవాడు. పరీక్షలయ్యాక మళ్ళీ కనపడలేదు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సినిమా ప్రభావం పిల్లల మీద ఉంటుంది బాబాయ్, మీరన్నది నిజమే. కానీ అది పడింది వాడి మీద కాదు, మా మీద. వాడు ఏ సినిమా చూడకముందే అలా ఉన్నాడు, మేం మాత్రం సినిమాలు చూసే అలా తయారయ్యాం. స్వలింగ ఆకర్షణని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. అంటుకోవడానికి అది జలుబు కాదు. నవ్వులాటగా చూపించినన్నాళ్ళూ ఒక్క మెసేజ్ రాలేదు, మనిషిగా చూపించడం మొదలెట్టాకే పిల్లలు గుర్తొచ్చారు.

"ఏ సినిమా చూసినా ఇదే" అన్నది లెక్క తెలియని మాట. తెలుగులో నాకు వెంటనే గుర్తొచ్చేది 2018లో వచ్చిన "అ!" ఒక్కటే, అందులో ఇద్దరమ్మాయిల ప్రేమ ఒక భాగం. మిగతావి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంటిల్లిపాదీ చూడలేమంటారా? 2023లో మలయాళంలో వచ్చిన "కాదల్" చూడండి. మమ్ముట్టి ఒక పల్లెటూరి పెద్దమనిషి, స్థానిక ఎన్నికల్లో నిలబడతాడు, అప్పుడే భార్య జ్యోతిక విడాకులకి కేసు వేస్తుంది, కారణం ఆయన గే అని. తలదించుకోవాల్సిన సీన్ ఒక్కటీ లేదు. అందులో ఏళ్ళ తరబడి నలిగిపోయింది ఆయనొక్కడే కాదు, ఆవిడ కూడా. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అని మన ఇళ్ళలో ఎంత తేలిగ్గా అనేస్తామో, ఆ మాట ఒక ఆడమనిషి జీవితాన్ని ఎలా మింగేస్తుందో నాకు అర్థమైంది ఆ సినిమాతోనే. ఆడపిల్లలున్న ఇంట్లో అందరూ కూర్చుని చూడాల్సింది అదే.

సినిమాల్లో ఇలాంటి పాత్రల మీద ఫిర్యాదులు నాకూ ఉన్నాయి. 2015లో "ఐ" సినిమాలో ట్రాన్స్ పాత్రని అసహ్యంగా చూపించారని చెన్నైలో ట్రాన్స్‌జెండర్లు నిరసన చేశారు, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. ట్రాన్స్ మహిళ పాత్రకి ఇప్పటికీ ఎక్కువగా మగ హీరోలనే తీసుకుంటారు. తమిళ సినిమా "పేరన్బు"లో అంజలి అమీర్ లాంటి నిజమైన ట్రాన్స్ నటికి అవకాశం రావడం అరుదు. బాబాయ్, ఫార్వర్డ్ చెయ్యాలంటే నా ఈ జవాబు చెయ్యండి. ఆ మెసేజ్ మాత్రం గ్రూపులోంచి తీసెయ్యండి. అందులో మన పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ళలో ఎవరు చెయ్యి జేబులో పెట్టుకుని చదువుతున్నారో మీకూ తెలీదు, నాకూ తెలీదు.