ఐ++ + ++ఐ అడిగే మాస్టార్లకు ఒక దండం

మా వైపు బీటెక్ మొదటి సంవత్సరం పిల్లల్ని సీ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ఆపరేటర్ల గురించి, అంటే +, /, == లాంటి గుర్తుల గురించి అడిగి చూడండి. ఏ గుర్తు పని ముందు జరగాలో చెప్పే ప్రిసిడెన్స్ టేబుల్ పైనుంచి కింద దాకా గడగడా అప్పజెప్పేస్తారు. భీమవరం నుంచి అమలాపురం దాకా కాలవ గట్ల మీద పోయే కాలేజీ బస్సుల్లో పొద్దున్నే ఆ పట్టికే బట్టీ పడుతుంటారు. అదే పిల్లల్ని సీలో 7 / 2 ఎంతని అడగండి. మూడున్నర అనేవాళ్లే ఎక్కువ.

వచ్చేది 3. రెండూ ఇంటిజర్లు (పూర్ణాంకాలు) అయితే చుక్క తర్వాత ఉన్నదాన్ని సీ కోసి పారేస్తుంది, రౌండ్ చెయ్యదు. మిగిలిన 1 కావాలంటే % ఉంది. చూడ్డానికి శాతం గుర్తే గానీ అది ఇచ్చేది శేషం. ఇది నేర్పడానికి మన జిల్లాల్లో పెద్ద కష్టం కూడా లేదండి. 365 సెంట్ల చేను ఉందనుకోండి. 365 / 100 చేస్తే 3 ఎకరాలు, 365 % 100 చేస్తే 65 సెంట్లు. ఇంట్లో పొలం కొలతలు వింటూ పెరిగిన పిల్లకి అర నిమిషం పని. బోర్డు మీద మాత్రం ఎప్పుడు చూసినా ఏ, బీలు, 10, 3లే.

మొన్న సెలవులకి ఊరెళ్తే మా అన్నయ్య కూతురు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. "బాబాయ్, 600కి 540 వస్తే 90 శాతమే కదా, ఇది మైనస్ పందొమ్మిది అంటోందేంటి?" అంది. మొదట 540 / 600 * 100 అని రాస్తే సున్నా వచ్చిందట. వస్తుంది మరి, భాగహారం దగ్గరే సున్నా అయిపోయాక వందతో గుణించి ఏం లాభం? అందుకని గుణకారం ముందుకి తెచ్చి 540 * 100 / 600 అని మార్చింది. ఆలోచన సరైనదే. కానీ వాళ్ల ల్యాబ్‌లో ఇచ్చింది డాస్ కాలం నాటి కంపైలర్ (ప్రోగ్రామ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది) టర్బో సీ. అందులో ఇంటిజర్ 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. 54000 కాస్తా -11536 అయి కూర్చుంది, దాన్ని 600తో భాగిస్తే -19. అదే ప్రోగ్రామ్ ఇప్పటి కంపైలర్ జీసీసీలో పెడితే శుభ్రంగా 90 వచ్చింది. ల్యాబ్‌లో అడిగితే "రికార్డులో 90 వేసెయ్యమ్మా" అన్నారట. నాకు ఒళ్లు మండింది అక్కడే. ఒక పీరియడంతా చెప్పదగ్గ పాఠం ఆ మైనస్ పందొమ్మిదిలో ఉంటే, దానికి వైట్‌నర్ పూయించారు.

పోనీ టైం లేదనుకుందామా అంటే, ఐ = 5 అయితే ఐ++ + ++ఐ ఎంత (++ అంటే ఒకటి పెంచడం; వెనకుంటే పాత విలువ వాడుతుంది, ముందుంటే పెంచిన విలువ) అన్న లెక్క మీద రెండు పీరియడ్లు నడుస్తాయి. 11, 12, 13 అని ఆప్షన్లు, కీలో 12. అయ్యా, ఆ ప్రశ్నకి సీ భాషలో జవాబే లేదు. ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో, ముందూ వెనకా తేల్చకుండా ఒక వేరియబుల్‌ని రెండుసార్లు మారిస్తే అది అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరగాలో భాష చెప్పని వ్యవహారం అని సీ నియమాలు రాసిన 1989 ఆన్సీ స్టాండర్డ్ నుంచీ ఉన్న మాటే. కంపైలర్ ఏమిచ్చినా తప్పు పట్టలేం. వేరే నంబరు వచ్చిందని పిల్లాణ్ణి నిలబెట్టడం ఏం న్యాయం?

++ పీడీపీ-11 అనే పాతకాలపు కంప్యూటర్ కోసం పుట్టిందని కూడా చెబుతుంటారు. అది కెన్ థాంప్సన్ సీకి ముందున్న బీ భాషలోనే పెట్టాడు, అప్పటికి పీడీపీ-11 ఇంకా రాలేదు. సీ భాష సృష్టికర్త డెనిస్ రిచీ స్వయంగా రాసిన సంగతి ఇది.

ఇంతకీ ఉద్యోగాల్లో మనుషులు పడే గోతులు వేరే ఉన్నాయి. ఇఫ్‌లో సమానమా అని అడిగే == బదులు, విలువ పెట్టే ఒక్క = పడితే పోలిక జరగదు, విలువ మారిపోతుంది, సున్నా కాకపోతే కండిషన్ నిజమైపోతుంది. పాపం టర్బో సీ కూడా దీనికి వార్నింగ్ ఇస్తుంది, చదివేదెవరు? సరి సంఖ్యో కాదో చూడ్డానికి (& బిట్లని చూసే గుర్తు, చివరి బిట్ సున్నా అయితే సరి సంఖ్య) ఐ & 1 == 0 అని రాస్తే ఎప్పుడూ సున్నాయే, ఎందుకంటే == ముందు జరుగుతుంది. మొదట్లో, రెండు షరతులూ నిజమేనా అని చూసే &&కి వేరే గుర్తు లేక ఆ పనీ & చేసేది. తర్వాత && వచ్చినా, అప్పటికే రాసిన ప్రోగ్రాములు చెడిపోతాయని & స్థానం కదపలేదు. బ్రాకెట్లు పెట్టుకుంటే ఆ పట్టిక బట్టీ పట్టే పనే ఉండదు. ఇక &&లో ఎడమవైపు అబద్ధమైతే కుడివైపు అసలు చూడదు. అందుకే (!= అంటే సమానం కాదు అని) ఎకరాలు != 0 && బస్తాలు / ఎకరాలు > 30 అని ధైర్యంగా రాయొచ్చు, సున్నాతో భాగహారం దాకా వెళ్లదు. వైవాలో ఇది అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

"ప్లేస్‌మెంట్ టెస్టుల్లో ఆ ++ లెక్కలే ఇస్తున్నారండి, మేమేం చెయ్యం" అంటారు. ఇవ్వనివ్వండి. అన్‌డిఫైన్డ్ అనే ఆప్షన్ ఉంటే అదే పెట్టమనండి, లేకపోతే కీలో ఉండేది పెట్టి మార్కు తెచ్చుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు. క్లాసులో మాత్రం అదే సరైన జవాబని చెప్పకండి.