సాండ్‌హైమ్ పాటలు నోట నిలవవా?

అమెరికాలో మ్యూజికల్స్‌కు, అంటే పాటలతో నడిచే నాటకాలకు, పాటలూ బాణీలూ కట్టిన స్టీఫెన్ సాండ్‌హైమ్ మీద న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో ఓ పాత నింద ఉంది: ఆయన పాటలు బుర్రకెక్కుతాయి కానీ నోటికి రావని. 2021 నవంబరులో, 91వ ఏట కన్నుమూసేదాకా అది ఆయన్ను వదల్లేదు. నిజమే, హాలు నుంచి బయటికొస్తూ ఈల వేసుకునే బాణీలు ఆయన దగ్గర తక్కువే. దాన్ని లోపంగా లెక్కగట్టడంలోనే ఉంది తిరకాసు.

ఆయనకు పాటంటే నాటకంలో ఒక సీన్. ఆ విద్య పేరుమోసిన మ్యూజికల్ పాటల రచయిత ఆస్కార్ హ్యామర్‌స్టీన్ పెట్టిన భిక్ష. అమ్మానాన్నలు విడిపోయాక తల్లితో పెన్సిల్వేనియాకు చేరిన కుర్రాడికి ఆ పెద్దాయన ఇల్లు దగ్గర్లోనే దొరికింది. బడిలో రాసిన మ్యూజికల్ చూపిస్తే, ఇంత చెత్త తానెప్పుడూ చదవలేదని మొహం మీదే చెప్పి, ఎందుకు చెత్తో కూర్చోబెట్టి విడమరిచాడాయన.

ఆ పాఠం ఎంత ఒంటబట్టిందో 1973 నాటి 'ఎ లిటిల్ నైట్ మ్యూజిక్'లో కనిపిస్తుంది. నాయిక పాత్రధారి గ్లినిస్ జాన్స్‌ది జీర గొంతు. వినడానికి బాగుంటుంది గానీ స్వరాన్ని సాగదీసి నిలబెట్టే దమ్ము లేదు. సాండ్‌హైమ్ పాటను పొట్టి పొట్టి ముక్కలుగా రాశాడు, చాలావరకు ప్రశ్నలుగా. ప్రశ్న వేశాక ఎవరైనా ఆగుతారు కదా, ఊపిరి అక్కడ తీసుకోవచ్చు. పాత ప్రేమికుడు చేజారిపోతుంటే పరువు నిలుపుకోవాలని చూసే నడివయసు నటి పాత్రకు ఆ ఆగి ఆగి పాడటమే ప్రాణం పోసింది. అదే 'సెండ్ ఇన్ ద క్లౌన్స్'. జూడీ కాలిన్స్ పాడిన రికార్డు హిట్టయ్యాక 1976లో గ్రామీ కూడా తెచ్చింది. అన్నట్టు, ఆయన బాణీల్లో జనం నోట ఎక్కువగా నానిందీ ఇదే!

పాత్రకు తగని మాట పడితే ఆయన తనను తానే వదల్లేదు. 1957లో 'వెస్ట్ సైడ్ స్టోరీ' మ్యూజికల్‌కి పాటలు రాసినప్పుడు, ప్యూర్టోరికో నుంచి కొత్తగా వచ్చిన మరియా చేత తెలివైన ప్రాసలు పలికించానని తర్వాత చాలాసార్లు నొచ్చుకున్నాడు.

అలాగని ఫ్లాపులన్నీ ప్రేక్షకుల నెత్తిన రుద్దలేం. 1981లో 'మెరిలీ వి రోల్ ఎలాంగ్' 16 ప్రదర్శనలకే మూతపడింది. కథ వెనక్కి నడుస్తుంది, నలభై దాటినవాళ్లు పోనుపోను కుర్రాళ్లవుతారు. ఆ పాత్రలన్నీ అనుభవం లేని కుర్రకారుకిస్తే ఎవరు ఎవరో తెలియక జనం తికమకపడ్డారు. 2023లో వయసొచ్చిన నటులతో తిరిగొచ్చి, మరుసటి ఏడాది బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 4 గెలిచింది. ఈలోగా స్క్రిప్టునూ కొన్ని పాటలనూ రచయితలే మార్చుకున్నారు కాబట్టి, దీన్ని కాలం చేసిన న్యాయంగా మాత్రమే చెప్పడం నాకు ఒప్పుదల కాదు.