ల్యాప్‌టాప్‌లో ముగ్గురు

మా పెదనాన్న చెవి, ముక్కు, గొంతు డాక్టరు. గుంటూరులో చదువుకుని 1970లో మాంచెస్టర్ వెళ్ళి, అక్కడే రిటైరయ్యారు. ఎవరు పాడినా ఆయన ముందు వినేది గొంతునే. ఇంగ్లండు బ్యాండు బీటిల్స్ పాడిన 'ట్విస్ట్ అండ్ షౌట్' ఆయన లెక్కలో వైద్యం చెయ్యకూడని కేసు. 1963 ఫిబ్రవరి 11న పొద్దుటి నుంచి పాటల మీద పాటలు రికార్డు చేసి, దీన్ని ఆఖరికి మిగిల్చారు. జలుబుతో ఉన్న వాళ్ళ గాయకుడు జాన్ లెనన్ గొంతు అప్పటికే బొంగురుపోయింది. "ఆ రాత్రి డ్యూటీలో నేనుంటే ఉప్పునీళ్ళు పుక్కిలించమనేవాణ్ణి. పాట సర్వనాశనమయ్యేది" అంటారు. ఆ ముందు ఏడాదే అమెరికా గాయకులు ఐస్లీ బ్రదర్స్ హిట్ చేసిన పాట అది. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే, "అయితే ఏంట్రా?" అని కసురుతారు.

అలాంటి మనిషి ఎనభయ్యో పుట్టినరోజుకి వాళ్ళబ్బాయి ఒక హాలు తీసుకుని, అరవైల పాటలు పాడే నలుగురి బ్యాండుని మాట్లాడాడు. తీరా వచ్చింది ఒక్కడే. మిగతా ముగ్గురేరీ అంటే ల్యాప్‌టాప్ మూత తెరిచి చూపించాడు.

మొదటి పాట 'ఎస్టర్‌డే'. 1965లో బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్‌నీ ఒక గిటారు, నాలుగు తీగ వాయిద్యాలతో ముగించిన పాట. ఆ తర్వాత దాన్ని పాడనివాళ్ళెవరో చెప్పడం కష్టం. ఈయన దానికి డిస్కో దరువు తగిలించాడు. ఒంటరిగా కుమిలిపోవాల్సిన చోట "చప్పట్లు, చప్పట్లు!" అని మమ్మల్ని ఉత్సాహపరిచాడు. మొహమాటానికి అందరం కొట్టాం. చేతిలో అరిసె ఉన్న మా బాబాయి తొడ మీద కొట్టుకున్నారు.

"పల్స్ బాగా ఎక్కువగా ఉందిరా" అన్నారు పెదనాన్న నా చెవిలో.

తర్వాత 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్'. ఇది 1967లో బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ హాయిగా పాడిన పాట. మరుసటి ఏడాది జో కాకర్ దాని నడక తగ్గించి, తాళం మార్చి, ప్రాణం పోతున్నట్టు అరిచి బ్రిటన్‌లో నంబర్ వన్ చేశాడు. షెఫీల్డ్ కుర్రాడు, గ్యాస్ ఫిట్టర్ పని నేర్చుకున్నవాడు. మా గాయకుడు మొదటి చరణం రింగోలా మొదలుపెట్టి రెండో చరణానికి కాకర్ అవ్వబోయాడు. ల్యాప్‌టాప్ మాత్రం రింగో దగ్గరే ఉండిపోయింది. ఈయన అరుపు పూర్తయ్యేసరికి అక్కడ పాట అయిపోయింది.

నేను ఇంతకంటే ఘోరం విన్నాను లెండి. 'స్టార్ ట్రెక్' కెప్టెన్ విలియం షాట్‌నర్ 1968లో 'లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్'ని పాడలేదు, పోలీసులకి వాంగ్మూలం ఇచ్చినట్టు చెప్పాడు. కానీ దాన్ని ఇప్పటికీ వెతుక్కుని మరీ వింటాను. దారుణంగా చెడిన పాటకి ఆ అదృష్టం ఉంది. ఓ మోస్తరుగా చెడినదాన్నే భరించలేం.

మూడో పాట మధ్యలో తెర నీలంగా మారింది. 'అప్‌డేట్ జరుగుతోంది, ఆఫ్ చేయకండి' అని వచ్చింది. డ్రమ్ము, బేసు, కీబోర్డు ముగ్గురూ ఒకేసారి సెలవు పెట్టారు. ఏడు శాతం దగ్గర ఆగిన అంకె ఎంతకీ కదలదు. ఆయన చెమట తుడుచుకుని, గిటారు తీసుకుని, స్టూలు మీద కూర్చున్నాడు.

'హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్' ఎత్తుకున్నాడు. ఎవరు కట్టారో తెలియని పాత జానపదం. ఇంగ్లండులోని న్యూకాజిల్ నుంచి వచ్చిన యానిమల్స్ బ్యాండు 1964లో ఒక్క టేకులో రికార్డు చేసి తమ పేరు మీద రాయించుకున్నంత పని చేశారు. ఈయన గొంతు నిజానికి గరుకుగా ఉంది, పైస్థాయిలో కాస్త జారింది కూడా. పెదనాన్న ప్లేటు పక్కన పెట్టేశారు. "గొంతులో చిన్న నాడ్యూల్, అదే బొడిపె, ఉన్నట్టుంది. ఎవరూ ముట్టుకోకూడదు దాన్ని" అన్నారు.

ఆ ఊపులో ఆయనే లేచి, "రెస్పెక్ట్ పాడు బాబూ, ఓటిస్ రెడింగ్‌ది, 1965ది!" అని అడిగారు. అందులో మొగుడు పగలంతా కష్టపడి ఇంటికొచ్చి, కాస్త మర్యాద ఇవ్వమని పెళ్ళాన్ని అడుక్కుంటాడు. గాయకుడు అందుకున్నాడు. పెదనాన్న ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని పెద్దమ్మ వైపు తిరిగి, రెండో చెయ్యి చాచారు.

పెద్దమ్మ వడ్డన ఆపలేదు.

"1967లో అరీథా ఫ్రాంక్లిన్ వచ్చాక ఆ పాట ఆడవాళ్ళదైపోయిందండీ. ముందు ఆ ప్లేటు తీసి సింకులో పడెయ్యండి."