దెబ్బకు కుదిరే దాంపత్యం

హైదరాబాద్ ఎంత ఎదిగిందో తెలియాలంటే ఫ్లైఓవర్లు లెక్కపెట్టనక్కర్లేదు, మగతనం ఎక్కడ అమ్ముతున్నారో చూస్తే చాలు. ఒకప్పుడు ఆ సరుకు రైల్వే స్టేషన్ల దగ్గర మూత్రశాలల గోడల మీద దొరికేది. గుప్త రోగాలకు సంప్రదించండి అన్న పసుపు కాగితం మీద జిగురు ఆరకముందే ఫోను నంబరున్న మూలను ఎవరో చింపుకుపోయేవారు. ఇప్పుడు అదే సరుకు ఏసీ గదుల్లోకి మారింది, వేర్ల స్థానంలో యంత్రం వచ్చింది. దాని పేరు షాక్‌వేవ్ థెరపీ.

కరెంటు పెడతారేమోనని కంగారు పడకండి, ఇవి ధ్వని తరంగాలు. 1980లో మ్యూనిక్‌లో వీటితో మూత్రపిండాల్లో రాళ్లు పగలగొట్టారు. తీవ్రత బాగా తగ్గించి అంగస్తంభన సమస్యకు వాడిన తొలి అధ్యయనాన్ని 2010లో ఇజ్రాయెల్ వైద్యులు ప్రచురించారు. అందులో పాల్గొన్నది 20 మంది. రక్తనాళాలు కొత్తగా చిగురిస్తాయన్నది ఆశ. ఆ ఆశ బొత్తిగా గాలికబురు కాదు, సమస్య స్వల్పంగా ఉన్న కొందరికి మేలు కనిపించిన అధ్యయనాలున్నాయి. కానీ అమెరికా యూరాలజీ సంఘం 2018లో దీన్ని ఇంకా ప్రయోగ దశలోనిదే అంది. ఉత్తర అమెరికా లైంగిక వైద్య నిపుణుల సంఘం మరుసటి ఏడాది, పరిశోధనల్లో తప్ప మామూలు వైద్యంలో వాడవద్దంది. వాళ్లది మరీ చాదస్తం. ప్రయోగం ఖర్చు రోగే భరిస్తానంటున్నప్పుడు అభ్యంతరం దేనికి?

కొన్నిచోట్ల మడమ నొప్పికి ఫిజియోథెరపీలో వాడే రేడియల్ యంత్రాన్నే ఇక్కడికీ తిప్పుతారు. దాని బలం చర్మం దగ్గరే ఎక్కువ, లోపలికి వెళ్లేకొద్దీ సన్నగిల్లుతుంది. అయినా మడమకు పనికొచ్చింది మగతనానికి పనికిరాదా?

లైంగిక పటుత్వం పెంచుతామంటూ ఔషధ ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం చేశారు. దానికి 70 ఏళ్లు నిండాయి. ఆ వయసులో పటుత్వం తగ్గడం సహజమే.

అసలు చిక్కు వేరే ఉంది. అంగానికి రక్తం అందించే ధమని వెడల్పు 1, 2 మిల్లీమీటర్లు, గుండె ధమనిది 3, 4. పూడిక రెండు చోట్లా ఒకటే కాబట్టి సన్నటిది ముందు మొరాయిస్తుంది. అంటే చాలామందిలో పడకగది కబురు గుండెపోటుకు కొన్నేళ్ల ముందే వచ్చే తాఖీదు. ఆ తాఖీదు అందుకున్న పెద్దమనిషి ఏం చేస్తాడు? మందుల దుకాణంలో జనం పలచబడేదాకా నిలబడి, దగ్గు బిళ్లలు, ఆ తర్వాత దూది కొని, చివరికి గొంతు తగ్గించి వయాగ్రా అనే నీలం మాత్ర అడుగుతాడు. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడుతున్నవాడు అది వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని అడిగే ధైర్యం అతనికీ ఉండదు, చెప్పే తీరిక కౌంటరు కుర్రాడికీ ఉండదు. షుగర్ ఉందా అంటే బోర్డర్లో ఉందంటాడు. సిగరెట్టా? అప్పుడప్పుడు. పరీక్ష చేయించుకోమంటే మాత్రం పరువు అడ్డొస్తుంది.

అందుకే ప్రభుత్వానికి నా మనవి. చక్కెర పరీక్షకు ఒక జర్మన్ పేరు పెట్టండి. రక్తపోటు చూసే పట్టీకి నాలుగు నీలం దీపాలు తగిలించండి. వెనుక గుమ్మం నుంచి లోపలికి పంపి, పేరు అడగకుండా, ఆరు సిట్టింగులకు ప్యాకేజీ కట్టి, పది రెట్లు రేటు వసూలు చేయండి. ఈఎంఐ కూడా ఉందంటే మనవాళ్లు తెల్లవారుజామునే పరగడుపున వచ్చి వరుసలో నిలబడతారు.